నీటి అంచున గంధర్వుడు

కర్నూలు జిల్లాకు పశ్చిమపు కొసన, కర్ణాటక సరిహద్దుకు చేరువగా ఉన్న కోసిగి, ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతంలో ఎల్లమ్మ కొలువు తరతరాలుగా సాగుతున్నది. ఎల్లమ్మ అంటే రేణుక. జమదగ్ని మహర్షి ఇల్లాలు, పరశురాముని కన్నతల్లి. భర్త ఆజ్ఞ మీద కొడుకే ఆమె తల నరికిన కథ ఈ సీమలో పిల్లలకు కూడా తెలుసు గాని, ఆ తల తెగడానికి వెనుక ఒక గంధర్వుడు ఉన్నాడన్న సంగతి మీద అంతగా దృష్టి నిలవదు. భాగవతంలోని నవమ స్కంధం ప్రకారం, హోమానికి నీళ్ళు తేవడానికి గంగ ఒడ్డుకు వెళ్ళిన రేణుక, తామరపూల దండ వేసుకొని అప్సరసలతో జలక్రీడలాడుతున్న చిత్రరథుడనే గంధర్వరాజును చూసి, కాసేపు చూపు మరల్చుకోలేక నిలిచిపోయి, హోమవేళ దాటిపోతున్నదని తెలుసుకొని ఉలిక్కిపడి వెనుదిరిగింది. జమదగ్ని ఆమె మనసులోని చలనాన్ని గ్రహించి కొడుకులను ఆజ్ఞాపించాడు. పెద్దవాళ్ళు కాదన్నారు, పరశురాముడు తల్లి మీదా, మాట వినని అన్నల మీదా గొడ్డలి ఎత్తాడు, ఆ తరువాత తండ్రి ఇచ్చిన వరంతో తల్లినీ అన్నలనూ తిరిగి బ్రతికించుకున్నాడు.

జానపదుల కథనంలో ఇదే ఘట్టం మరింత కళ్ళకు కట్టినట్లు ఉంటుంది. రేణుక రోజూ ఏటి ఒడ్డున తడి ఇసుకతో కుండ చేసి, పామును చుట్టకుదురుగా పెట్టుకొని నీళ్ళు తెచ్చేదట. గంధర్వుణ్ణి చూసిన నాడు ఇసుక కుండగా నిలవలేదు, పాము చుట్టకుదురుగా అమరలేదు. ఎల్లమ్మ కథను జోగమ్మలు పాడేటప్పుడు మోగించే చౌడికె, తెలంగాణలో బైండ్లవారు వాయించే జమిడిక, రెండూ ఒంటి తీగ వాద్యాలే. అడుగున తోలు బిగించిన గొట్టం లోపలి నుంచి పైకి లాగిన ఆ తీగను ఒక చేత్తో బిగిస్తూ, వదులుతూ, మరో చేత్తో మీటితే స్వరం ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. దేవలోకపు గాయకుణ్ణి చూసినందుకు తల పోగొట్టుకున్న స్త్రీ కథ భూలోకంలో ఒంటి తీగ మీద బ్రతికి ఉండడం ఆలోచించదగిన విషయం. మహాభారతంలోని అరణ్యపర్వం మాత్రం ఈ చిత్రరథుణ్ణి మార్తికావత దేశపు రాజుగా చెబుతున్నది. భాగవతం అతణ్ణి గంధర్వుణ్ణి చేసింది. ఈ మార్పు యాదృచ్ఛికం కాదనిపిస్తుంది, ఎందుకంటే నీటి ఒడ్డు, సౌందర్యం, మనసు తప్పిన ఒక్క క్షణం, ఈ మూడూ కలిసిన చోట భారతీయ పురాణానికి తోచే పేరు గంధర్వుడే.

గంధర్వులు దేవయోనులు, అంటే దేవతలతో సమానులు కాకపోయినా మనుషుల కంటే పై మెట్టున ఉన్న జాతులలో ఒకరు. యక్షులు, కిన్నరులు, విద్యాధరులు, సిద్ధులు వీరి తోటివారు. అప్సరసలు వీరి సహచరులు. ఇంద్రసభలో గానం వీరిది, నాట్యం అప్సరసలది. సామవేదానికి ఉపవేదమైన సంగీతశాస్త్రానికి గాంధర్వవేదమని పేరు రావడం వీరి వల్లనే. తుంబురుడు, విశ్వావసువు, చిత్రరథుడు, చిత్రసేనుడు, హాహా, హూహూ అనేవారు వీరిలో ప్రసిద్ధులు. కోశకారులు వీణలకు కూడా పేర్లు విడివిడిగా చెప్పారు: సరస్వతి వీణ కచ్ఛపి, నారదునిది మహతి, తుంబురునిది కళావతి, విశ్వావసువుది బృహతి. పంచాంగం చూసేవారికి ఈ చివరి పేరు కొత్తది కాదు; 2025 ఉగాదితో మొదలైన సంవత్సరం పేరు విశ్వావసు.

అయితే సంగీతం గంధర్వునికి తరువాతి కాలంలో ప్రధానమైన వృత్తి. ఋగ్వేదంలో అతడు ఎక్కువగా ఒక్కడే కనిపిస్తాడు, దేవతల పానీయమైన సోమానికి కాపలా ఉంటాడు, నీళ్ళలో ఉంటాడు. యమయమీ సంవాద సూక్తంలో ఆ కవలలు తమ పుట్టుకను నీటిలోని గంధర్వునికీ, నీటి స్త్రీకీ ముడిపెట్టి చెప్పుకుంటారు. అప్సరస అన్న మాటలోని మొదటి భాగం నీటికి పేరైన ‘అప్’ శబ్దమే. వివాహసూక్తంలో విశ్వావసువును వధువు దగ్గర నుంచి లేచి వెళ్ళమని వేడుకుంటారు. కన్యకు మొదట సోముడు, తరువాత గంధర్వుడు, ఆ తరువాత అగ్ని భర్తలనీ, మనిషి నాలుగవవాడనీ చెప్పే మంత్రం తెలుగువారి వైదిక వివాహాల్లో నేటికీ వినిపిస్తుంది. పెద్దల అనుమతితో నిమిత్తం లేకుండా పరస్పర అనురాగంతో ఒకటయ్యే పెళ్ళికి, శకుంతలా దుష్యంతులు చేసుకున్నటువంటి దానికి, గాంధర్వ వివాహమనే పేరు కలగడానికి కూడా ఈ పాత నమ్మకాలే నేపథ్యం. కన్యల మీద అధికారం, నీళ్ళ మీద అధికారం, మత్తెక్కించే రసం మీద అధికారం ఉన్నవాడికే మనసును పట్టి లాగే గానం కూడా దక్కింది.

ఈ నీటి బంధాన్ని పట్టుకొని చూస్తే తెలుగువారికి బాగా తెలిసిన గంధర్వ కథలన్నీ ఒక వరుసలో నిలుస్తాయి. 11వ శతాబ్దంలో నన్నయ తెలుగు చేసిన ఆదిపర్వంలో, పాండవులు లక్క ఇంటి ప్రమాదం తప్పించుకొని ద్రౌపదీ స్వయంవరానికి పాంచాల దేశం వెళుతూ రాత్రివేళ గంగ ఒడ్డుకు చేరినప్పుడు, స్త్రీలతో జలక్రీడలాడుతున్న అంగారపర్ణుడనే గంధర్వుడు వారిని అడ్డగించి, సంధ్య దాటిన తరువాత ఈ నీళ్ళు తమవని, మనుషులు అటు రాకూడదని గద్దించాడు. గంగ అందరిదీ, ఆమెలో స్నానం చేయడానికి వేళలు నిర్ణయించే అధికారం ఎవరికీ లేదని అర్జునుడు ఇచ్చిన జవాబు ఈ కథకు ఆయువుపట్టు. చెరువు కట్ట మీదా, కాలువ తూము దగ్గరా నీటి వంతుల కోసం మాటలు పెరిగే మెట్ట సీమలో ఈ జవాబుకున్న బరువు వేరు. ఆగ్నేయాస్త్రంతో రథం కాలిపోయి ఓడిన ఆ గంధర్వుడు స్నేహితుడై, మూడు లోకాలలో దేనినైనా చూడగల చాక్షుషీ విద్యనూ, గుర్రాలనూ ఇచ్చి, పురోహితుడు లేని రాజుకు వృద్ధి లేదని చెప్పి, ధౌమ్యుణ్ణి ఆశ్రయించమన్నాడు. అతని అసలు పేరు చిత్రరథుడు. గీతలో శ్రీకృష్ణుడు గంధర్వులలో తానెవరో చెప్పుకోవడానికి ఎంచుకున్న పేరు కూడా అదే.

ద్వైతవనంలో దుర్యోధనుడు పాండవుల పేదరికాన్ని చూసి ఆనందించడానికి ఘోషయాత్ర, అంటే ఆవుల మందలను లెక్క చూసే నెపంతో వెళ్ళినప్పుడు, అతణ్ణి కొలను దగ్గర అడ్డుకొని, యుద్ధంలో కర్ణుణ్ణి పారదోలి, కురురాజును బంధించి తీసుకుపోయినవాడు చిత్రసేనుడనే గంధర్వుడు. భాగవతంలో గజేంద్రుని కాలు పట్టిన మొసలి దేవలుని శాపం పొందిన హూహూ. మడుగులో నుంచి విష్ణుచక్రం అతణ్ణి విడిపించింది. పోతన పద్యాల వల్ల గజేంద్రుని మొర తెలుగు ఇళ్ళలో నిత్యపారాయణమైంది గాని, ఆ మొసలి కూడా ఒకనాటి గాయకుడేనని గుర్తుపెట్టుకొని చదివితే, మడుగులో విడుదల పొందినవారు ఒకరు కాదు, ఇద్దరని బోధపడుతుంది.

కరవు సీమకు గంధర్వులు మరింత దగ్గరయ్యేది విరాటపర్వంలో. వానలు ముఖం చాటేసినప్పుడు విరాటపర్వం చదివిస్తే చినుకు పడుతుందన్న నమ్మకం తెలుగు పల్లెల్లో బలమైనది. 13వ శతాబ్దంలో తిక్కన భారత రచనను ఈ పర్వంతోనే ఆరంభించాడు. ఈ కథలో గంధర్వుడు రెండు విధాలుగా పనిచేస్తాడు. అర్జునుడు ఇంద్రలోకంలో ఉన్న రోజుల్లో చిత్రసేనుని దగ్గర గీతవాద్యనృత్యాలు నేర్చుకున్నాడు, అజ్ఞాతవాసంలో బృహన్నలగా విరాటుని కూతురు ఉత్తరకు నేర్పినది ఆ విద్యనే. ఇటు సైరంధ్రి వేషంలో ఉన్న ద్రౌపది, తనను అయిదుగురు గంధర్వులు కాపాడుతుంటారని రాణి సుదేష్ణకు ముందే చెప్పి ఉంచింది. కీచకుడు ఆ మాటను లెక్కచేయలేదు. నర్తనశాలలో చీకటివేళ భీముని చేతిలో ముద్దయి పడి ఉన్నాడు. తెల్లవారిన తరువాత నగరమంతా గంధర్వులు చంపారనే చెప్పుకొన్నది. పగలు గంధర్వుడు నేర్పిన ఆట సాగిన శాలలోనే రాత్రి గంధర్వుని పేరు మీద చావు జరగడం తిక్కన కథలోని గొప్ప పొందిక. దిక్కులేని ఆడదానికి, కనిపించని దైవిక రక్షకుని పేరు కవచంగా ఉపయోగపడిన సందర్భం పురాణాల్లో ఇంత సూటిగా మరొకటి కనిపించదు. రేణుకను దోషిగా నిలబెట్టిన గంధర్వుని పేరే ద్రౌపదిని నిలబెట్టింది.

కీచకవధకు తెలుగు రంగస్థల చరిత్రలో కూడా పెద్ద స్థానమే ఉన్నది. తోలుబొమ్మలాటలో ఆరితేరిన కుటుంబాలు 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో బొమ్మలను పక్కన పెట్టి తామే వేషాలు కట్టి ఆడిన తొలి నాటకం అదే. వనారస గోవిందరావు పెంచి పోషించిన సురభి నాటక సమాజాలు ఆ ఆటతో పుట్టాయి. మరో గంధర్వుణ్ణి చిలకమర్తి లక్ష్మీనరసింహం (1867–1946) ‘గయోపాఖ్యానం’ నాటకంతో ఊరూరా తిప్పారు. గయుడు ఆకాశమార్గాన పోతూ ఉమ్మిన ఉమ్ము, నీటిలో నిలిచి అర్ఘ్యమిస్తున్న కృష్ణుని దోసిలిలో పడడం, కృష్ణుడు అతణ్ణి చంపుతానని ప్రతిజ్ఞ చేయడం, సంగతి తెలియక అర్జునుడు అభయమివ్వడం, ప్రాణమిత్రులు ఎదురెదురుగా నిలబడడం అందులోని కథ. వ్యాసభారతంలో లేని ఈ కథ తెలుగువారిలో భారత కథ అంతగా పాతుకుపోయింది. 1963లో విడుదలైన ‘శ్రీకృష్ణార్జున యుద్ధము’, ‘నర్తనశాల’ సినిమాలు రెండూ గంధర్వుణ్ణి ఇరుసుగా చేసుకొని తిరిగే కథలే, ఒకదానిలో పారిపోయి వచ్చిన గంధర్వుడు, మరొకదానిలో లేని గంధర్వుడు.

శాపంతో గాని, తప్పుతో గాని, మోహంతో గాని గంధర్వుడు నేలకు దిగితేనే కథ పుడుతుంది. వాల్మీకి రామాయణంలో రాముడు దండకారణ్యంలో ఎదుర్కొన్న విరాధుడనే రాక్షసుడు, రంభ మీది మోహంతో కొలువుకు రాక కుబేరుని శాపానికి గురైన తుంబురుడే. అల్లసాని పెద్దన మనుచరిత్రలో ప్రవరుడు కాదని వెళ్ళిపోయిన వరూధినిని, ఆమె లోగడ తిరస్కరించిన గంధర్వుడొకడు ప్రవరుని రూపం ధరించి చేరుకుంటాడు; ఆ మాయాప్రవరునికి పుట్టిన స్వరోచి కొడుకే స్వారోచిష మనువు. అబద్ధపు రూపంతో వచ్చిన గాయకుని వంశంలో ఒక మన్వంతరానికి ప్రభువు పుట్టడం ఆ ప్రబంధం వెనుకనున్న సాహసం.

గంధర్వ సంగీతాన్ని గురించి తెలుగులో అన్నిటికన్నా లోతుగా ఆలోచించిన కావ్యం కర్నూలు సీమతో సంబంధం ఉన్నదే కావడం ఈ ప్రాంతపు అదృష్టం. 16వ శతాబ్దపు కవి పింగళి సూరన తన ‘కళాపూర్ణోదయం’ కావ్యాన్ని నంద్యాలను ఏలిన కృష్ణమరాజుకు అంకితమిచ్చాడు. అందులో విష్ణుసన్నిధిలో తుంబురునికి దక్కిన గౌరవం చూసి నారదుడు లోలోపల కుమిలిపోతాడు. అతణ్ణి గెలవాలన్న పట్టుదలతో, మణికంధరుడనే గంధర్వ శిష్యుణ్ణి వెంట పెట్టుకొని ద్వారకకు వచ్చి, శ్రీకృష్ణుని భార్యల దగ్గర సంగీతం నేర్చుకుంటాడు. ఈ పోటీకి మూలమైన కథ లింగపురాణంలోనూ అద్భుత రామాయణంలోనూ ఉన్నది. అక్కడ నారదుడు తుంబురుని ఇంటికి వెళ్ళేసరికి అవయవాలు తెగి మూలుగుతున్న స్త్రీపురుషులు కనిపిస్తారు. వారు రాగాలనీ, తాను అపస్వరంగా పాడినప్పుడల్లా వారికి ఒక్కొక్క గాయం తగిలిందనీ, తుంబురుని పాటతో మళ్ళీ కోలుకుంటున్నారనీ తెలిసి సిగ్గుతో తల దించుకుంటాడు. ముల్లోకాలూ పూజించే మహర్షి, గంధర్వునికి లోబడి, ఆడవారి ముందు శిష్యుడై కూర్చుంటే గాని స్వరం వశం కాలేదని ఒప్పుకొన్న కథ ఇది. రాగం ప్రాణమున్న వస్తువు, దానికి నొప్పి తెలుస్తుందన్న ఊహ సంగీతం నేర్పే ప్రతి ఇంటిలోనూ చెప్పదగినది.

ఆ తుంబురుణ్ణి కళ్ళారా చూడాలంటే లేపాక్షి వెళ్ళాలి. 16వ శతాబ్దంలో, అచ్యుతరాయల పాలనాకాలంలో, విరూపణ్ణ కట్టించిన వీరభద్రాలయపు నాట్యమండపంలో రంభ ఆడుతుంటే బ్రహ్మ మద్దెల వాయిస్తూ, తుంబురుడు వీణ పట్టుకొని, మూడు కాళ్ళ భృంగి అడుగు కలుపుతూ నిలువెత్తు స్తంభాల మీద నిలిచారు. దేవతలు వాద్యకారులై ఒక నర్తకికి సహకరిస్తున్న దృశ్యం అది. తుంగభద్ర ఒడ్డున, బాదామి చాళుక్యుల నాటి అలంపురం నవబ్రహ్మాలయాల గోడల మీద ఆకాశంలో తేలిపోతున్నట్లు చెక్కిన దివ్యమిథునాలు ఇంకా ప్రాచీనమైనవి.

అదే తుంగభద్రకు ఎగువన, కోసిగికి పొరుగునే మంత్రాలయం ఉన్నది. ఆదోని నుంచి రాయచూరు వైపు వెళ్ళే రైలు కోసిగి దాటిన తరువాత మంత్రాలయం రోడ్డు స్టేషను చేరుతుంది. 1671లో అక్కడ బృందావన ప్రవేశం చేసిన రాఘవేంద్రస్వామి వీణ వాయించడంలో దిట్ట అనీ, ఆయన పూర్వులలో ఒకరైన కృష్ణభట్టు శ్రీకృష్ణదేవరాయలకు వీణ నేర్పారనీ మఠ సంప్రదాయం చెబుతుంది. ఆయన అనుసరించిన మధ్వమతంలో గంధర్వులకు కేవలం కథల్లోనే కాదు, తత్త్వంలో కూడా నిర్దిష్టమైన స్థానం ఉన్నది. జీవులందరూ ఒక్కటి కారని, వారి యోగ్యతలో, ఆనందంలో మెట్లు ఉన్నాయని చెప్పే సిద్ధాంతాన్ని ఆ మతంలో తారతమ్యం అంటారు. దీనికి ఆధారమైన వాక్యాలలో తైత్తిరీయోపనిషత్తులోని ఆనందపు లెక్క ఒకటి. యౌవనం, సాధువర్తన, చదువు, దేహబలం అన్నీ ఉండి, సంపదతో నిండిన భూమండలమంతా తనదే అయిన మనిషి పొందే ఆనందం ఒక పాలు అనుకుంటే, దానికి 100 రెట్లు మనుష్యగంధర్వుని ఆనందం, దానికి మళ్ళీ 100 రెట్లు, అంటే మనిషి ఆనందానికి 10,000 రెట్లు, దేవగంధర్వునిది. ఇంకా పైన పితృదేవతలు, దేవతలు, ఇంద్రుడు, బృహస్పతి, ప్రజాపతి ఉన్నారు గాని, మనిషి నుంచి మొదలుపెట్టి ఎక్కే తొలి మెట్టు మాత్రం గంధర్వునిదే. మనుష్యగంధర్వుడంటే పుణ్యకర్మతో, జ్ఞానంతో గంధర్వత్వం పొందిన మనిషి అని శంకరుల వ్యాఖ్య. గాయకుడు ఘంటసాలను గానగంధర్వుడని పిలుచుకోవడంలో తెలుగువారు తమకు తెలియకుండానే ఈ ఉపనిషత్తు మాటను వాడుతున్నారు.

మధ్వమతం నుంచి వచ్చిన హరిదాసులు ఈ మెట్టును నేల మీదికి తెచ్చారు. భుజాన తంబూర, చేతిలో చిడతలు, కాలికి గజ్జెలు, వాడవాడలా కీర్తన, ఇదీ దాసుల వేషం. తంబూరకు ఆ పేరు తుంబురుని వల్ల వచ్చిందని సంప్రదాయం నమ్ముతుంది. పారశీకుల తన్బూర్‌తో ముడిపెట్టేవారూ ఉన్నారు. పురందరదాసును నారదుని అంశగా భావిస్తారు. ఆయన తమకు కలలో దర్శనమిచ్చి అనుగ్రహించారని చెప్పుకొన్న విజయదాసు ఇదే కర్నూలు జిల్లాలోని చిప్పగిరిలో నివసించి 1755లో అక్కడే దేహం చాలించారు. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా ఆదోని, ఆలూరు తాలూకాలు బళ్ళారి జిల్లాలో ఉండేవి కనుక, కన్నడంలో పుట్టిన దాసర పదాలు ఇక్కడి తెలుగు ఇళ్ళకు పరాయివి కావు. నారదుడు కూడా పూర్వజన్మలో ఉపబర్హణుడనే గంధర్వుడేననీ, హరికీర్తన జరుగుతున్న సభకు స్త్రీలోలుడై వచ్చినందుకు శాపం పొంది దాసీపుత్రుడిగా పుట్టి, ఆ జన్మలో భక్తితో దేవర్షి అయ్యాడనీ భాగవతం చెబుతుంది.

కిన్నరులను గురించి ఒక మాట చెప్పకపోతే ఈ విషయం పూర్తి కాదు. మనిషి మొండెం, గుర్రపు ముఖం ఉన్నవారిగా వీరిని వర్ణిస్తారు. విశ్వనాథ సత్యనారాయణ అటువంటి గుర్రపు తల గంధర్వుణ్ణి ‘హాహాహూహూ’ నవలికలో లండన్ నగరపు ట్రఫాల్గర్ స్క్వేర్‌లో దింపి, పాశ్చాత్య శాస్త్రజ్ఞుల ముందు నిలబెట్టారు. వీరి పేరు మోసే కిన్నెర మాత్రం తెలుగు నేల మీది వాద్యం. వెదురు కర్ర, సొరకాయ బుర్రలు, మెట్లు, తీగలు దాని సరంజామా. పాల్కురికి సోమనాథుని బసవపురాణంలో కిన్నెర బ్రహ్మయ్య శివుని ముందు కిన్నెర వాయించి బ్రతికిన శరణుడు. 12 మెట్ల కిన్నెర కళాకారుడు దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ దక్కిన తరువాత ఈ వాద్యం పేరు మళ్ళీ నలుగురి నోటా వినిపించింది.

తుంబురునికి తెలుగు నేల మీద సొంత నీళ్ళు కూడా ఉన్నాయి. తిరుమల శేషాచల అడవిలో, పాపవినాశనం దాటి కొండల మధ్య నడిచి చేరవలసిన తుంబురు తీర్థంలో ఫాల్గుణ పౌర్ణమినాడు ముక్కోటి జరుగుతుంది. రెండు నిట్టనిలువు కొండల నడుమ ఇరుకు దారిలో పారే నీళ్ళలో భక్తులు ఆనాడు మునుగుతారు. పుణ్యస్నానం చేయడానికి బద్ధకించిన భార్యను తుంబురుడు కప్పవై పుట్టమని శపించాడనీ, ఈ తీర్థం దగ్గర రావిచెట్టు తొర్రలో కప్పగా ఉన్న ఆమె, అగస్త్యుడు శిష్యులకు తీర్థమహిమ చెబుతుండగా విని శాపం వదిలించుకొన్నదనీ స్థలపురాణం చెబుతుంది. గాయకుని ఇల్లాలికి దక్కిన రూపం కప్ప కావడం వింతగా తోచవచ్చు గాని, వానను గొంతుతో పిలిచే ప్రాణి అది. జ్యేష్ఠం గడిచినా మబ్బు పట్టని ఏళ్ళలో తెలుగు పల్లెల్లో ఒకవైపు గుడిలో విరాటపర్వం చదువుతుంటే, మరోవైపు పిల్లలు రోకలికి వేపమండలు చుట్టి, నడుమ కప్పను కట్టి, ఇల్లిల్లూ తిరుగుతారు. ఆడవాళ్ళు గడప దాటి వచ్చి, ఇంట్లో ఉన్న నీళ్ళలో నుంచే ఒక చెంబెడు ఆ కప్ప మీద పోస్తారు.